సొంత కారులో అరకు, వంజంగి, లంబసింగి: ఘాట్ రోడ్ల ప్రయాణం ఎలా చేయాలి

చలికాలం దగ్గరపడగానే చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: విశాఖపట్నం నుంచి సొంత కారులో బయలుదేరి అరకు, పాడేరు, వంజంగి, లంబసింగి చూసుకుని క్షేమంగా తిరిగి రావాలంటే ఎన్ని రోజులు పడుతుంది, ఏ దారిన వెళ్లాలి, మొదటిసారి ఘాట్ రోడ్డు ఎక్కేవారు నడపగలరా? నడపగలరు. మైదానంలో ప్రయాణాన్ని కిలోమీటర్లలో లెక్కవేసే అలవాటును పక్కనపెట్టి, కొండల్లో పగటి వెలుతురు ఎన్ని గంటలు ఉంటుందో దాన్నిబట్టి లెక్క వేసుకుంటే చాలు. ఈ దారుల్లో గంటకు 25 నుంచి 30 కిలోమీటర్లు సాగితే బాగా సాగినట్టే. కింది అంచెలన్నీ ఆ లెక్క మీదే రాశాను.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

ఆర్‌సీ, బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్, డ్రైవింగ్ లైసెన్సు, గాలి నింపిన స్టెప్నీ, జాకీ, వీల్ స్పానర్, మంచి టార్చి, టోయింగ్ తాడు, చక్రాల కింద పెట్టడానికి రెండు చెక్క దిమ్మలు, అద్దం లోపలివైపు తుడుచుకోవడానికి పొడి గుడ్డ, తాగునీరు, అందరికీ స్వెటర్లు, చెవులు కప్పే టోపీలు, దోమల మందు, ప్రథమ చికిత్స పెట్టె, చిన్న నోట్లుగా నగదు. నగదును తేలిగ్గా తీసుకోవద్దు. మన్యంలో చాలా చోట్ల సిగ్నల్ అందదు. సిగ్నల్ లేనిచోట ఫోనుతో చెల్లింపు జరగదు, టీ కొట్టు దగ్గరైనా ఇబ్బంది పడవలసి వస్తుంది.

1. రోజులు, కాలం తేల్చుకోండి

నవంబరు నుంచి జనవరి చివరి వరకు పొగమంచు, చలి, పసుపుపచ్చని వలిసె పూల పొలాలు చూడడానికి అనువైన కాలం. రద్దీ కూడా అప్పుడే ఎక్కువ. వీలైతే సోమవారం నుంచి గురువారం మధ్య వెళ్లండి. డిసెంబరు చివరి వారాన్ని, సంక్రాంతి సెలవులను వదిలేయండి. వానాకాలంలో కొండలు ఎంతో అందంగా ఉంటాయి, కానీ కొండచరియలు విరిగిపడినప్పుడు, భారీ వర్షాల హెచ్చరికలు ఉన్నప్పుడు అధికారులు ఘాట్ రోడ్లలో రాకపోకలు ఆపేస్తారు. మొదటిసారి నడిపేవారు జులై నుంచి అక్టోబరు మొదటి సగం వరకు ఈ దారిన రాకపోవడమే మంచిది.

రెండు రాత్రులే చేతిలో ఉంటే వంజంగి, లంబసింగి రెండింటికీ ఆశపడవద్దు. వంజంగిలో మేఘాల సముద్రమైనా, లంబసింగిలో పొగమంచైనా చూడవలసినది తెల్లవారుజామునే, ఒక రోజుకు తెల్లవారుజాము ఒక్కటే. రెండు రాత్రులైతే ఒకటి అరకులో, ఒకటి పాడేరులో గడిపి, వంజంగి చూసుకుని పాడేరు ఘాట్ మీదుగా దిగిపోండి. మూడో రాత్రి కూడా ఉంటేనే లంబసింగి వరకు వెళ్లండి.

2. దిశను నిర్ణయించుకోండి

విశాఖ వైపు నుంచి వచ్చేవారికి నేను సూచించే దారి ఇది: విశాఖపట్నం, శృంగవరపుకోట, అనంతగిరి, అరకు, పాడేరు, లంబసింగి, నర్సీపట్నం, అనకాపల్లి, తిరిగి విశాఖపట్నం. విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు, అరకు నుంచి పాడేరు సుమారు 45, పాడేరు నుంచి జి.మాడుగుల మీదుగా లంబసింగి 50 నుంచి 60, అక్కడి నుంచి నర్సీపట్నం సుమారు 30. ఎక్కిన దారినే దిగకపోవడం వల్ల రెండు వేర్వేరు ఘాట్‌లు చూసినట్టవుతుంది.

హైదరాబాద్, విజయవాడ, రాజమహేంద్రవరం నుంచి వచ్చేవారు ఈ దారిని తిరగేయండి: తుని దగ్గర జాతీయ రహదారి వదిలి, నర్సీపట్నం మీదుగా లంబసింగి ఎక్కి, అరకు నుంచి శృంగవరపుకోట వైపు దిగండి. అయితే హైదరాబాద్ నుంచి రాత్రంతా నడిపి, నిద్ర లేని కళ్లతో పొద్దున్నే ఘాట్ ఎక్కే పని మాత్రం చేయవద్దు. కింద తునిలోనో నర్సీపట్నంలోనో ఒక రాత్రి పడుకుని ఎక్కండి. నిద్రమత్తులో నడిపే వ్యక్తికి తిన్నని రోడ్డు మీద ఉండే రెండో అవకాశం హెయిర్‌పిన్ మలుపు (దాదాపు వెనక్కి తిరిగే మలుపు) దగ్గర ఉండదు.

ఘాట్ నడపడం ఎంతమాత్రం ఇష్టం లేనివారికి వేరే మార్గం ఉంది. విశాఖ నుంచి కిరండూల్ వెళ్లే రైలులో, యాభైకి పైగా సొరంగాల గుండా అరకు చేరుకుని, అక్కడ జీపో కారో మాట్లాడుకోవచ్చు. అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టెలో సీటు కావాలంటే చాలా ముందుగా రిజర్వు చేసుకోవాలి.

3. గదులు ముందే ఖాయం చేసుకోండి

అరకు, అనంతగిరి, టైడా ప్రాంతాల్లో రాష్ట్ర పర్యాటక సంస్థ వసతి గృహాలున్నాయి. ప్రైవేటు లాడ్జీలు, హోమ్‌స్టేలు అరకులో విరివిగా దొరుకుతాయి. పాడేరు 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాకు కేంద్రం కాబట్టి అక్కడా లాడ్జీలున్నాయి, కానీ శని, ఆదివారాల్లో నిండిపోతాయి. లంబసింగిలో గదుల కంటే టెంట్లు ఎక్కువ. టెంటు మాట్లాడుకునే ముందు మూడు సంగతులు ఫోనులోనే అడగండి: మరుగుదొడ్డి ఎంత దూరంలో ఉంది, దుప్పట్లు మనిషికి ఎన్ని ఇస్తారు, కారు ఎక్కడ నిలపాలి. పసిపిల్లలు, ఆస్తమా ఉన్నవారు, వృద్ధులు వెంట ఉంటే టెంటు వద్దు. అక్కడ జనవరి తెల్లవారుజామున ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరగా పడిపోయిన రోజులున్నాయి.

4. కారును వారం ముందే చూపించండి

బయలుదేరే ముందు రోజు సర్వీసుకు ఇస్తే లోపం దొరికినా సరిచేసే వ్యవధి ఉండదు. మెకానిక్‌తో చక్రాలు విప్పించి బ్రేక్ ప్యాడ్ల మందం చూపించండి. బ్రేక్ ఆయిల్ మార్చి రెండేళ్లు దాటితే మార్పించండి, ఎందుకంటే పాతబడిన ఆయిల్ తేమ పీల్చుకుని, దిగేటప్పుడు పుట్టే వేడికి త్వరగా మరిగి, పెడల్ మెత్తబడేలా చేస్తుంది. కూలంట్ మట్టం, రేడియేటర్ ఫ్యాను, వైపర్ల రబ్బరు, ఫాగ్ ల్యాంపులు, అద్దం మీది ఆవిరిని పోగొట్టే డీఫాగర్, హ్యాండ్ బ్రేక్ వరుసగా చూడాలి. టైరు గాడుల అడుగున అక్కడక్కడ చిన్న దిమ్మల్లాంటి అరుగుదల గుర్తులు ఉంటాయి. టైరు పైభాగం వాటితో సమానంగా అరిగి ఉంటే ఆ టైరుతో కొండ ఎక్కవద్దు. టైర్లలో గాలి కంపెనీ చెప్పినంతే ఉండాలి, అదీ టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. కొండకు వెళ్తున్నామని గాలి తగ్గించడం పొరపాటు.

అంతా సరిగా ఉందని ఎలా తెలుస్తుంది? ఖాళీగా ఉన్న వాలు మీద హ్యాండ్ బ్రేక్ వేసి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, కాలు బ్రేకు మీదే సిద్ధంగా ఉంచుకుని నెమ్మదిగా వదలండి. కారు కదలకుండా నిలబడాలి. తరువాత అదే వాలు మీద, వెనక్కి జారకుండా హ్యాండ్ బ్రేక్ సాయంతో ముందుకు కదలడం పదిసార్లు సాధన చేయండి. మొదటిసారి నడిపేవారికి ఘాట్‌లో ఎదురయ్యే భయంలో సగం ఈ ఒక్క సాధనతో పోతుంది.

5. మొదటి రోజు: ఎక్కడం

ఉదయం 6 గంటలకల్లా విశాఖ వదలండి. శృంగవరపుకోటలో ట్యాంకు నిండా ఇంధనం పోయించండి; తరువాత అరకులో, పాడేరులో అవకాశం దొరికినప్పుడల్లా మళ్లీ నింపుకోండి. టిఫిన్ తేలికగా ఇడ్లీతో సరిపెట్టుకోండి. నూనె పదార్థాలు తిని మలుపులు ఎక్కితే పిల్లలకు వాంతులు తప్పవు. వాంతులయ్యే అలవాటున్నవారిని ముందు సీటులో కూర్చోబెట్టి దూరంగా రోడ్డు వైపు చూడమనండి, ఫోను చూడనివ్వవద్దు. మందు వాడాలనుకుంటే వైద్యుణ్ని అడిగి ముందే వేయండి. నడిపే వ్యక్తి మాత్రం ఆ మాత్రలు వేసుకోకూడదు, వాటిలో చాలావరకు నిద్ర తెప్పిస్తాయి.

ఘాట్ మొదలయ్యాక రెండో గేరు, మూడో గేరు మీదే ఎక్కువగా నడుస్తుంది. ఇంజను గుంజుతున్నట్టు, వణుకుతున్నట్టు అనిపించగానే గేరు తగ్గించండి. ప్రతి గుడ్డి మలుపుకు ముందు హారన్ కొట్టండి. ఆర్టీసీ బస్సో లారీయో మలుపు తిరుగుతున్నప్పుడు దానికి రోడ్డంతా కావాలి. మలుపు మొదలుకాకముందే ఎడమకు ఆగి దాన్ని వెళ్లనివ్వండి. ఇరుకైన చోట ఎదురుపడితే పైకి ఎక్కే వాహనానికి దిగే వాహనం దారి ఇవ్వాలన్నది నిబంధన. దిగే రోజు మీరు కూడా అలాగే ఆగాలి.

ఇంజను వేడి సూచిక పైకి పోతుంటే ఏసీ ఆపి, వెడల్పైన చోట నిలిపి, ఇంజను ఆపకుండా కాసేపు అలాగే నడవనిచ్చి చూడండి. ఎర్ర దీపం వెలిగితే మాత్రం వెంటనే ఆపేయాలి. వేడిగా ఉన్న రేడియేటర్ మూత తీయడమంటే మరిగే నీటిని ముఖం మీద పోసుకోవడమే.

దారిలో బొర్రా గుహలకు ప్రధాన రోడ్డు వదిలి పక్కకు తిరగాలి. గుహలు సాధారణంగా ఉదయం 10 గంటలకు తెరుస్తారు, సాయంత్రం 5 వరకు ఉంటాయి, మధ్యాహ్నం కొంత విరామం ఉంటుంది; కాబట్టి 10 గంటలకే అక్కడ ఉండేలా చూసుకుంటే రద్దీ తక్కువ. లోపల మెట్లు తడిగా ఉంటాయి, పట్టు ఉన్న చెప్పులు వేసుకోండి. కోతులు చేతిలోని సంచులు లాక్కుంటాయి, తినుబండారాలు కారులోనే ఉంచి అద్దాలు పూర్తిగా ఎత్తండి. కటికి జలపాతానికి మాత్రం మీ కారు తీసుకెళ్లవద్దు. అక్కడి జీపులు మాట్లాడుకోండి.

అనంతగిరి కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు, వాటి నీడన కాఫీ మొక్కలు కనిపిస్తాయి. గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర ఆగి చూడవచ్చు. రోడ్డు వెడల్పు ఉన్న చోటే నిలపండి. మలుపులో కారు ఆపి ఫొటోలు దిగడం ఈ దారిలో నేను చూసే అన్నిటికంటే ప్రమాదకరమైన అలవాటు. సాయంత్రం 4 గంటలకల్లా అరకు చేరండి.

6. రెండో రోజు: అరకు నుంచి పాడేరు

ఉదయం గిరిజన మ్యూజియం, పద్మాపురం ఉద్యానవనం చూసి, మధ్యాహ్నానికి పాడేరు దారిలోని చాపరాయి చేరుకోండి. అక్కడ నీరు ఏటవాలు బండ మీద పలుచగా జారుతుంది, ప్రమాదం లేనట్టే కనిపిస్తుంది. బండ మీది నాచు జారుతుంది, కిందికి పోయేకొద్దీ లోతైన గుంటలున్నాయి, అక్కడ ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. పిల్లల చేయి వదలవద్దు. హెచ్చరిక బోర్డు దాటవద్దు.

వలిసె పొలంలోకి దిగేముందు రైతును అడగండి. అది నూనెగింజల పంట, అలంకారానికి వేసిన తోట కాదు. తొక్కిన మొక్క గింజ కట్టదు. ఆయన ఫొటోలకు ఇంత అని అడిగితే బేరమాడకుండా ఇవ్వండి. గిరిజన స్త్రీలను, వారి పిల్లలను అడగకుండా ఫొటో తీయడం మర్యాద కాదు.

బొంగు చికెన్ తినాలనుకుంటే ముందే కాల్చి పెట్టినది కొనవద్దు. మీ ఎదుట బొంగులో కూరించి నిప్పుల మీద పెట్టమనండి. ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. ఎముక దగ్గర ఎర్రగా కనిపిస్తే ఇంకా ఉడకలేదని తిరిగి ఇచ్చేయండి. కాఫీ పొడి, తేనె కొనదలచినవారికి గిరిజన సహకార సంస్థ దుకాణాలు నమ్మదగినవి. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఈ దారిలో 516ఇ జాతీయ రహదారి విస్తరణ వల్ల కొన్ని భాగాలు బాగున్నాయి. పనులు జరుగుతున్న భాగాల్లో మళ్లింపులు, కంకర, దుమ్ము ఉండవచ్చు. మ్యాప్ దగ్గర దారి అని ఊళ్ల మధ్యలోంచి తిప్పబోతే నమ్మవద్దు, అరకులో బయలుదేరే ముందు ఏదైనా జీపు డ్రైవరును "అన్నా, పాడేరుకు ఇవాళ ఏ దారి బాగుంది?" అని అడగండి. ఆఫ్‌లైన్ మ్యాప్‌ను విశాఖలోనే దింపుకుని ఉంచండి.

పోలీసు తనిఖీలు తరచుగా ఉంటాయి. గంజాయి రవాణాను అరికట్టడానికి అవి జరుగుతాయి కాబట్టి డిక్కీ తెరిచి సహకరించండి. ఎంత మంచిగా అడిగినా, అపరిచితుల సంచిని కారులో పెట్టుకోవద్దు.

7. వంజంగి తెల్లవారుజాము

పాడేరు నుంచి వంజంగి కొన్ని కిలోమీటర్లే. మేఘాల సముద్రం కనిపించాలంటే సూర్యోదయానికి గంట ముందే పైన ఉండాలి, అంటే చలికాలంలో ఐదున్నరకల్లా. సెలవు రోజుల్లో ఇరుకు రోడ్డు మీద వాహనాలు బారులు తీరతాయి. అలాంటప్పుడు కారును కిందనే నిలిపి జీపులోనో నడిచో వెళ్లండి. చివరి భాగం ఎలాగూ కాలినడకే. మంచు తడికి మట్టి జారుతుంది, టార్చి తప్పనిసరి. చెత్తను సంచిలో వెనక్కి తెచ్చుకోండి.

మేఘాలు కనిపిస్తాయా లేదా అన్నది ముందు రోజు రాత్రే కొంత ఊహించవచ్చు: ఆకాశం నిర్మలంగా, గాలి లేకుండా, చలి గట్టిగా ఉంటే పొద్దున లోయలో మంచు నిండే అవకాశం ఎక్కువ. మబ్బు పట్టి గాలి వీస్తుంటే తక్కువ.

8. లంబసింగి, పొగమంచులో నడపడం

సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున, చింతపల్లి మండలంలో ఉన్న లంబసింగికి పాడేరు నుంచి మధ్యాహ్నం భోజనానికల్లా బయలుదేరండి. దారిలో కొత్తపల్లి జలపాతం, తాజంగి జలాశయం చూడవచ్చు. చీకటి పడ్డాక ఈ భాగంలో నడపవద్దు.

పొగమంచులో డిమ్ లైటే వాడాలి. హై బీమ్ మంచుకు తగిలి మన కళ్లలోకే తిరిగి వస్తుంది. నడుస్తున్న కారుకు నాలుగు ఇండికేటర్లూ వెలిగిస్తే వెనకవారికి మీరు ఎటు తిరుగుతున్నారో తెలియదు, కాబట్టి అవి ఆగినప్పుడే. కిటికీ కొద్దిగా దించితే ఎదురొచ్చే వాహనం శబ్దం వినిపిస్తుంది. రోడ్డు ఎడమ అంచు గీతను చూస్తూ నడపండి. ముందు రోడ్డు అంచున పాతిన గుర్తు రాళ్లు రెండైనా కనిపించకపోతే రోడ్డు వదిలి వెడల్పైన చోట ఆగిపోవడమే సరైన పని. ఎనిమిదిన్నర, తొమ్మిదికల్లా మంచు పలచబడుతుంది. దిగే ప్రయాణం ఆ తరువాతే మొదలుపెట్టండి.

9. దిగడం: అన్నిటికంటే జాగ్రత్తగా చేయవలసిన పని

లంబసింగి నుంచి నర్సీపట్నం దిగినా, పాడేరు నుంచి మాడుగుల (ఇది కొండ కింది ఊరు, జి.మాడుగుల వేరు), చోడవరం వైపు దిగినా పద్ధతి ఒకటే. ఏ గేరులో ఎక్కగలమో ఆ గేరులోనే దిగాలి. వాలు మొదలవడానికి ముందే రెండో గేరుకు రండి, వేగాన్ని ఇంజనే అదుపు చేస్తుంది. బ్రేకును మలుపుకు ముందు గట్టిగా, కొద్దిసేపు నొక్కి వదలండి. కాలు దాని మీదే ఆనించి కిలోమీటర్ల కొద్దీ దిగితే ప్యాడ్లు కాగి పట్టు కోల్పోతాయి. క్లచ్ నొక్కి ఉంచి దొర్లించడం, ఇంధనం మిగులుతుందని న్యూట్రల్‌లో దిగడం, ఇంజను ఆపి దిగడం మూడూ ప్రాణాంతకాలు. ఇంజను ఆపితే పవర్ బ్రేకు, పవర్ స్టీరింగ్ రెండూ పోతాయి.

ఆటోమేటిక్ కారైతే 'డి'లో వదిలేయవద్దు. 'ఎల్', '2' లేదా మాన్యువల్ మోడ్ వాడండి. ఎలక్ట్రిక్ కారైతే మరో సంగతి గుర్తుంచుకోవాలి: పైన బ్యాటరీ నిండా చార్జి చేసుకుని దిగితే, వాలులో వెనక్కి తీసుకునే శక్తిని నింపుకునే చోటు ఉండదు, దాంతో మోటారు ఇచ్చే బ్రేకింగ్ బలహీనపడుతుంది. కొంత ఖాళీ ఉంచుకుని దిగండి.

సరిగా దిగుతున్నారో లేదో ఇలా తెలుసుకోండి. నాలుగైదు కిలోమీటర్లకు ఒకసారి వెడల్పైన చోట ఆగి కిటికీ దించండి. ఘాటైన కాలిన వాసన వస్తే మీరు బ్రేకును ఎక్కువ వాడుతున్నారు. ఇంకో గేరు తగ్గించాలి. పెడల్ ముందుకంటే లోతుకు దిగుతుంటే, మెత్తగా తగులుతుంటే ఇక కదలవద్దు. కనీసం అరగంట ఆగండి. కాగిన డిస్కుల మీద నీళ్లు పోయవద్దు, అవి వంకరపోవచ్చు, పగలవచ్చు. కారును గేరులో ఉంచి చక్రాల కింద దిమ్మలు పెట్టండి. దిమ్మలు మరచి రాయి పెట్టినవారు వెళ్లేటప్పుడు ఆ రాయిని తప్పకుండా రోడ్డు పక్కకు తీసేయండి. దాని మీదికి ఎక్కిన ద్విచక్ర వాహనదారుడు లోయలో పడవచ్చు. చల్లారాక కూడా పెడల్ గట్టిపడకపోతే సొంతంగా నడపవద్దు, కింది ఊరి నుంచి మెకానిక్‌ను పిలిపించండి.

నడుస్తుండగానే బ్రేకు పూర్తిగా పోతే: పెడల్‌ను త్వరత్వరగా పలుమార్లు నొక్కుతూ, ఒక్కొక్క గేరు తగ్గిస్తూ, హ్యాండ్ బ్రేక్‌ను కొద్దికొద్దిగా పైకి లాగండి, ఒక్కసారిగా లాగితే కారు గిర్రున తిరుగుతుంది. అప్పటికీ ఆగకపోతే లోయ వైపు కాక కొండ వైపు కాలువకు, గట్టుకు రాసుకునేలా తిప్పండి.

పాడేరు ఘాట్ దిగేవారు మాడుగులలో ఆగి అక్కడి హల్వా కొనుక్కోవచ్చు. ఆ విరామంలో చక్రాలూ చల్లారతాయి.

10. ఇంటికి చేరాక

బ్రేక్ ప్యాడ్లు, టైర్ల పక్క గోడలు, కారు అడుగుభాగం మెకానిక్‌కు చూపించండి. కంకర దెబ్బలు అప్పుడే బయటపడతాయి. మన్యం మలేరియా ఉన్న ప్రాంతం. తిరిగి వచ్చిన కొన్ని వారాల్లో ఎవరికైనా చలితో జ్వరం వస్తే మామూలు జ్వరమని మాత్రలు మింగి ఊరుకోకుండా వెంటనే వైద్యుని దగ్గరకు తీసుకెళ్లి, ఏజెన్సీలో రాత్రులు గడిపామని మీరే ముందుగా చెప్పి రక్తపరీక్ష చేయించండి.